రజాకార్లను ఎదిరించిన ముస్లింలు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే అభ్యర్థిని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా తడుముకోకుండా వచ్చే జవాబు ఒకటుంది. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు ఎవరు? షోయబుల్లా ఖాన్. హత్య జరిగింది ఎప్పుడు? 1948 ఆగస్టు 22. కోచింగ్ సెంటర్ల నోట్సులో ఆయనకు దక్కే చోటు రెండు లైన్లు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చాపలూ కుర్చీలూ వేసుకుని ఆ రెండు లైన్లు బట్టీ పట్టే పిల్లలు లేచి నడక మొదలుపెడితే, నారాయణగూడ మీదుగా ఆయన్ను నరికిన కాచిగూడ, లింగంపల్లి ప్రాంతానికి కాసేపట్లో చేరుకుంటారు.

అదే నోట్సులో ఇంకొన్ని పేజీల అవతల, నిజాం కొమ్ముకాసిన సాయుధ దళమైన రజాకార్ల అధ్యాయం ఉంటుంది. ఆ అధ్యాయాన్నీ ఈ రెండు లైన్లనూ కలిపి చదివే అలవాటు మనకు లేదు. రజాకార్లంటే ముస్లింలు, నైజాం పాలనంటే ముస్లింల పాలన, కాబట్టి 1948 సెప్టెంబరులో ఓడిపోయింది ముస్లింలు అనే వరస తెలుగు ఇళ్లలో తాతల నోటి నుంచి మనవల దాకా దిగివచ్చింది. ఆ వరసే నిజమైతే షోయబుల్లా ఖాన్‌ను ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

షోయబుల్లా ఖాన్ 1920లో ఓరుగల్లు ప్రాంతంలో పుట్టారు. తండ్రి రైల్వేలో పనిచేసేవారు. కొడుకు పుట్టిన రోజుల్లోనే మానుకోట స్టేషన్‌లో గాంధీని చూసి, ఆ పిల్లవాణ్ని 'షోయబుల్లా గాంధీ' అని ముద్దుగా పిలుచుకున్నారని చెబుతారు. ఉస్మానియాలో చదివిన యువకుడు సర్కారు కొలువు వెతుక్కోకుండా పత్రికల్లోకి వచ్చాడు. ముందు 'తేజ్'లో పనిచేశారు, దాన్ని ప్రభుత్వం మూయించింది. తర్వాత 'రయ్యత్'లో చేరారు. రయ్యత్ అంటే రైతు. ఉర్దూలో వెలువడే ఆ పత్రికను 1927లో స్థాపించినవారు మందుముల నరసింగరావు, తెలుగువారు, హిందువు. నైజాం సర్కారు మీద నిప్పులు చెరిగే ఉర్దూ పత్రిక, నడిపేది తెలుగు హిందువు, అందులో రాసేది ముస్లిం యువకుడు. ఈనాటి మన అచ్చుల్లో ఆ పత్రికా కార్యాలయం ఎక్కడా ఇమడదు. ఆనాటి హైదరాబాదుకు అది వింత కాదు.

రయ్యత్ కూడా మూతపడ్డాక, బూర్గుల రామకృష్ణారావు వంటి కాంగ్రెస్ పెద్దల అండతో షోయబుల్లా ఖాన్ 1947 నవంబరులో సొంతంగా ఇమ్రోజ్ ప్రారంభించారు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవాలనీ, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలనీ, రజాకార్ల దౌర్జన్యం ఆగాలనీ రోజూ రాశారు. రజాకార్ల దళపతి కాసిం రజ్వీ లాతూరులో వకీలు. 1946లో రజాకార్ల మాతృసంస్థ మజ్లిస్ పగ్గాలు అందుకున్న దగ్గర్నుంచి నగరాన్ని ఉపన్యాసాలతో ఊపేస్తున్నాడు. అలాంటివాడి కళ్లెదుటే, అతను ఎవరి పేరు చెప్పుకుని ఊరేగుతున్నాడో ఆ సమాజంలోంచే, అతనికి అర్థమయ్యే భాషలోనే ఒక పత్రిక నిలదీసింది. తెలుగు పత్రిక తిడితే రజ్వీ దాన్ని శత్రువుల మాటగా కొట్టిపారేసేవాడు. ఉర్దూ చదివే ముస్లిం ఇళ్లలోకి పొద్దున్నే వెళ్లే ఇమ్రోజ్‌ను అలా కొట్టిపారేయడం కుదరలేదు.

1948 ఆగస్టు నడిమధ్యలో ఏడుగురు ముస్లిం ప్రముఖులు సంతకాలు చేసిన ప్రకటన ఒకటి బయటికి వచ్చింది. రజాకార్లను రద్దు చేయాలి, భారత యూనియన్‌లో చేరాలి అని వాళ్లు నిజాంను కోరారు. సంతకాలు చేసినవారిలో బాఖర్ అలీ మీర్జా ఉన్నారు. రజాకార్ల ఆగడాలు చూసి తహసీల్దారు ఉద్యోగాన్ని వదులుకున్న ఫరీద్ మీర్జా ఉన్నారు. ఇమ్రోజ్ ఆ ప్రకటనను అచ్చు వేసింది. హైదరాబాదు సార్వభౌమత్వానికి వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడతాయని రజ్వీ బహిరంగంగా హెచ్చరించింది ఆ రోజుల్లోనే.

ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకుని షోయబుల్లా ఖాన్ బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి నడిచి వెళుతున్నారు. అర్ధరాత్రి దాటింది. దుండగులు వెనక నుంచి కాల్చారు, కత్తులతో పడ్డారు, రాసే చేతిని నరికారు. ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డారు. తెల్లవారేలోపు షోయబుల్లా ఖాన్ ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. భారత సైన్యం హైదరాబాదులో అడుగుపెట్టడానికి ఇంకా నాలుగు వారాలు కూడా లేవు.

ఆయన ఒక్కరే మినహాయింపు అనుకుని సరిపెట్టుకోవడం తేలిక. నారాయణగూడ చౌరస్తా నుంచి హిమాయత్‌నగర్ వైపు తిరిగితే ఆ సరిపెట్టుకోవడం కుదరదు. భారత కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ రాష్ట్ర కార్యాలయం అక్కడే ఉంది, దాని పేరు మఖ్దూం భవన్. మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీలో ఉర్దూ పాఠాలు చెప్పిన అధ్యాపకుడు, ఉర్దూ కవి, కార్మిక నాయకుడు. 1947 సెప్టెంబరు 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు మూడో సంతకం ఆయనది. రాజు ముస్లిమే, రాజు మీద తుపాకీ ఎత్తమన్నవాడూ ముస్లిమే. ప్రజాస్వామ్యం వచ్చాక 1952లో హుజూర్‌నగర్ ఓటర్లు ఆయన్ను శాసనసభకు పంపారు. అప్పటి నల్లగొండ జిల్లాలోని ఆ నియోజకవర్గం సాయుధ పోరాటం నడిచిన నేల. రజాకార్లంటే ఎవరో, ముస్లింలంటే ఎవరో వేరువేరుగా ఎరిగిన రైతులు వేసిన ఓట్లవి. రజాకార్ల కాలం ముగిసిన నాలుగేళ్లకే పల్లె జనానికి ఉన్న ఆ తెలివిడి, డెబ్భై ఏళ్ల తర్వాత చదువుకున్న పట్టణ జనంలో తగ్గిపోవడం బాధ కలిగిస్తుంది.

నైజాం పాలన ముస్లింల పాలనా అన్న ప్రశ్నకు నారాయణగూడలోని రెండు విద్యాసంస్థలే జవాబు చెబుతాయి. రాజబహద్దూర్ వెంకట రామారెడ్డి పేరిట 1954లో వెలసిన మహిళా కళాశాల అక్కడుంది. ఎవరీ వెంకట రామారెడ్డి? 1920 నుంచి దాదాపు పద్నాలుగేళ్లు హైదరాబాద్ కొత్వాలు, అంటే నిజాం రాజధానికి పోలీసు అధిపతి. రాజ్యంలో ప్రధానమంత్రి పదవిలో రెండు దఫాలు కూర్చున్న మహారాజా కిషన్ పర్షాద్ హిందువు. రజ్వీ ఆటలు సాగిన చివరి రోజుల్లో ప్రధాని మీర్ లాయక్ అలీ మంత్రివర్గంలో ఉపప్రధానిగా ఉన్న పింగళి వెంకటరామారెడ్డి హిందువు. ఐక్యరాజ్యసమితికి హైదరాబాదు తరఫున వెళ్లిన బృందంలో దళిత నాయకుడు శ్యాంసుందర్ ఉన్నారు. పై మెట్ల మీద ఉన్నవారిలో రెండు మతాలవారూ ఉన్నారు, కింద నలిగినవారిలో రెండు మతాలవారూ ఉన్నారు.

రెండోది మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల. తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు చదువు చెప్పాలని 1928లో పుట్టిన బడి. ఉర్దూ తెలుగును తొక్కేసిందనే కథకు ఈ బడిని సాక్ష్యంగా చూపిస్తుంటారు. అది చాలావరకు నిజమే. పాలనా భాష, ఉన్నత విద్యాభాష ఉర్దూ కావడంతో తెలుగు పిల్లలు నష్టపోయారు. సభలకు ముందుగా అనుమతి తీసుకోవాలన్న 53వ నంబరు గస్తీ (సర్కారు ఉత్తర్వు) తెలుగు సంఘాల గొంతు నొక్కింది. అయితే మాడపాటి వంటివారు ఆంధ్ర జనసంఘం పెట్టుకోవడానికి కారణమైన అవమానం ఎక్కడ జరిగింది? 1921 నవంబరులో వివేకవర్ధని థియేటర్‌లో, హిందువుల సంఘ సంస్కరణ మహాసభలో. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టినవారు మరాఠీ సభికులు. తెలుగును చిన్నచూపు చూడడం ఏ ఒక్క మతం సొత్తూ కాలేదని ఆ సభ చెబుతుంది. అటు మాడపాటి హనుమంతరావు ఉర్దూ పత్రికల్లో రాసిన మనిషి. భాష మీద ఆయనకు ద్వేషం లేదు, తన భాషకు చోటు కావాలన్నది ఆయన పట్టుదల.

రజాకార్లు చేసిన ఘోరాలను తక్కువ చేసి చూపడం మాత్రం పాపం. సిద్దిపేట దగ్గరి బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టులో పదుల సంఖ్యలో గ్రామస్తులను కాల్చి చంపారు. ఇళ్లు కాలాయి, స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి, వేలాది కుటుంబాలు సరిహద్దులు దాటి పారిపోయాయి. అనల్ మాలిక్, అంటే ప్రతి ముస్లిమూ పాలకుడే అన్న సిద్ధాంతాన్ని మజ్లిస్ తలకెక్కించుకుంది. ముస్లింలంతా ఒకటే, అందరూ పాలకులే అన్న అపోహను మొదట పెంచి పోషించింది రజాకార్ల మాతృసంస్థే. ఇవాళ ముస్లింలందరినీ రజాకార్ల వారసులనేవారు తెలియకుండానే రజ్వీ సిద్ధాంతాన్ని నెత్తికెత్తుకుంటున్నారు.

ఆ సిద్ధాంతం ఎంత బూటకమో పల్లెల్లోకి వెళితే తెలుస్తుంది. 1941 జనాభా లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షలు దాటిన సంస్థానంలో ముస్లింలు సుమారు ఎనిమిదో వంతు. జాగీర్దార్లు, నవాబులు అందులో పిడికెడు. మిగతావారు దూదేకేవారు, నేతగాళ్లు, బండి తోలేవారు, చప్రాసీలు, పోలీసు జవాన్లు, కౌలు రైతులు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు, విసునూరు రామచంద్రారెడ్డి చేతిలో నలభై వేల ఎకరాలు ఉండేవి. ఆ విసునూరు దొర మీద తన భూమి కోసం కోర్టుకెక్కి గెలిచిన షేక్ బందగీ అనే చిన్న రైతును దొర మనుషులు దారికాసి చంపారు. తెలంగాణ పోరాట గాథల్లో తొలి అమరుల పేర్లలో బందగీ పేరు నిలిచింది. కామారెడ్డిగూడెం దగ్గర ఆయన సమాధికి హిందువులూ ముస్లింలూ మొక్కారు. దొరలే తర్వాత తమ గడీల రక్షణకు రజాకార్లను పిలిపించుకున్నారు. ఈ లెక్కలో దోపిడీదారు ఎవరు, బాధితుడు ఎవరు అన్నది పేర్లు చూసి తేల్చడం సాధ్యం కాదు.

సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17తో ముగిసింది. తర్వాత జరిగినది మన కథల్లో చాలాకాలం లేదు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లోనూ, తెలంగాణలో కొన్నిచోట్లా ముస్లింల మీద ప్రతీకార దాడులు సాగాయి. నెహ్రూ పంపిన సౌహార్ద బృందం, పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల నాయకత్వంలో 1948 నవంబరు, డిసెంబరుల్లో ఊరూరా తిరిగింది. చాలా తక్కువగా లెక్కవేసినా 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని ఆ బృందం రాసింది. నివేదిక దశాబ్దాల తరబడి ప్రజలకు అందలేదు. రజాకార్లను ఎన్నడూ చూడనివారు, రజాకార్ల దాడి నుంచి హిందూ ఇరుగుపొరుగులను తమ ఇళ్లలో దాచినవారు కూడా ఆ నెలల్లో దిక్కులేనివారయ్యారు. రజ్వీ జైలు శిక్ష అనుభవించి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. వెళ్లలేనివారు, వెళ్లాలనుకోనివారు ఇక్కడ మిగిలి అతని పేరు మోశారు. 1949లో జాగీర్ల రద్దుతో జాగీర్దార్ల కొలువుల్లోని చిన్న గుమాస్తాలు, బంట్రోతులు కూడా వీధినపడ్డారు. హైదరాబాదు ముస్లిం అంటే నవాబు అన్న బొమ్మ సినిమాల్లో చెక్కుచెదరకుండా ఉన్న కాలంలోనే నగరంలో రిక్షా తొక్కేవారిలో ముస్లింలు పెరిగిపోయారు.

ముస్లింలంతా ఒకటే అన్న నమ్మకం అశోక్‌నగర్ అభ్యర్థి నింపే దరఖాస్తు ఫారం దగ్గరే వీగిపోతుంది. బీసీ-ఇ అనే గడి చూసి ముస్లింలందరికీ రిజర్వేషన్ అనుకునేవారు ఎందరో. దూదేకులవారు ఎప్పటినుంచో బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్‌లు, మొఘల్‌లు, పఠాన్‌లు ఏ జాబితాలోనూ లేరు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం బీసీ-ఇలో చేర్చింది వృత్తి మీద బతికే వెనుకబడిన సమూహాలను: అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఎలుగుబంట్లు ఆడించే గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, రోళ్లకూ తిరగళ్లకూ కక్కు కొట్టే తురక కాశలు. తిరగలికి గంట్లు పెట్టి ఊరూరా తిరిగే ఆ మనిషికీ, నిజాం నివసించిన కింగ్ కోఠీ ప్యాలెస్‌కీ ఉన్న సంబంధం ఏమిటో ఆలోచిస్తే 'ముస్లిం పాలన' అన్న మాట నోట రాదు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడతారన్నది ఇంకొక గట్టి నమ్మకం. కోస్తా, రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో తెలుగే తల్లి భాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. పిఠాపురం కవి ఉమర్ అలీషా తెలుగు పద్యాన్ని ఏలారు, కేంద్ర శాసనసభలో సభ్యుడిగా కూర్చున్నారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నాజర్ లేని బుర్రకథను ఊహించలేం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరానికి 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. త్యాగరాయ గానసభ ఉన్న చిక్కడపల్లిలో ఈ పేర్లు తెలియని సంగీతప్రియులు ఉండరు. అయినా ఇల్లు అద్దెకు అడిగిన ముస్లిం యువకుడి తెలుగు విని "అరె, మీకింత మంచి తెలుగు ఎలా వచ్చు?" అని ఆశ్చర్యపోతాం. మెచ్చుకోలు అనుకుని అన్న ఆ మాట అవతలివారికి పరాయితనాన్ని గుర్తుచేస్తుంది.

ఉర్దూను ముస్లింల భాషగా కుదించడం కూడా కొత్త అలవాటే. నిజాం జైల్లో మగ్గి, నిజాంను పద్యాలతో చీల్చి చెండాడిన దాశరథి కృష్ణమాచార్య 1961లో 'గాలిబ్ గీతాలు' తెచ్చారు. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల పారశీ సాహిత్యంలో పండితుడు. సర్కారును ద్వేషించడానికీ, ఒక భాషనో దాన్ని మాట్లాడే జనాన్నో ద్వేషించడానికీ మధ్య గీత ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

ఆ గీత చెరిగిపోతే జరిగే నష్టం పుస్తకాలతో ఆగదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక నగరంలో పలువురు ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. కోర్టులు వారిని నిర్దోషులుగా వదిలిపెట్టాయి. ప్రభుత్వం తర్వాత పరిహారమూ సత్ప్రవర్తన ధ్రువపత్రాలూ ఇచ్చింది. పరిహారం చెల్లదని హైకోర్టు 2013లో చెప్పింది. 'మీరు మంచివారే' అని సర్కారు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని ఉద్యోగం వెతుక్కోవలసిన గతి ఇంకే సమాజపు పిల్లలకు పట్టింది?

తెలుగు ముస్లిం రచయితలు దీన్ని మౌనంగా భరించలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' దీర్ఘకవిత వచ్చింది. 1998లో స్కైబాబా సంపాదకత్వంలో 'జల్‌జలా' కవితా సంకలనం వెలువడింది. షాజహానా, యాకూబ్, ఖదీర్‌బాబు తమ ఇళ్లనూ వీధులనూ తెలుగు సాహిత్యంలోకి తెచ్చారు. పీర్ల పండుగ మీద పరిశోధించిన అఫ్సర్, 1948 నాటి హైదరాబాదు ముస్లింల అనుభవాల మీద 2023లో గ్రంథమే ప్రచురించారు. చదవడానికి సామగ్రి లేదని ఎవరూ అనలేరు.

ఏటా సెప్టెంబరు 17 వస్తే పేరు మీద రగడ మొదలవుతుంది. 2022లో కేంద్రం విమోచన దినమంది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది, 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినమంది. 2024లోనే రజాకార్ల మీద సినిమా థియేటర్లకు వచ్చింది. పేరేదైనా పెట్టుకోవచ్చు. కాని పాఠ్యపుస్తకాలు రాసేవారూ కోచింగ్ నోట్సులు తయారుచేసేవారూ ఒక పని చేయాలి. బైరాన్‌పల్లి ఉన్న పేజీలోనే సుందర్‌లాల్ నివేదికనూ, రజ్వీ ఉపన్యాసం ఉన్న పేజీలోనే ఆ ఏడుగురి ప్రకటననూ పెట్టండి. షోయబుల్లా ఖాన్‌కు రెండు లైన్లు చాలవు, ఒక పాఠం ఇవ్వండి.